జపాన్‌లో తిండి ఫ్యాక్టరీ చూడటం: పేరొకటే, చోట్లు మూడు రకాలు

యొకొహామాలోని కప్ నూడుల్స్ మ్యూజియానికి వెళ్ళొచ్చిన పిల్లలు ‘నూడుల్స్ ఫ్యాక్టరీ చూశాం’ అంటారు. బొమ్మలేసుకున్న కప్పు చేతిలోనే ఉంటుంది కాబట్టి ఎవరూ కాదనరు. కానీ ఆ భవనంలో ఫ్యాక్టరీ లేదు. నిస్సిన్ కంపెనీ అంగళ్ళలో అమ్మే కప్పు ఒక్కటి కూడా అక్కడ తయారవదు. టోక్యో శివారులోని చోఫులో ఉన్న, మయోనైజ్ చేసే క్యూపీ కంపెనీ మయో టెర్రస్‌దీ అదే కథ. కంపెనీ పాత ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ స్థలంలో లేచిన భవనంలో 2014లో తెరిచిన సందర్శన కేంద్రం అది. మరోవైపు హమామాత్సులోని ‘ఉనాగి పై’ అనే బిస్కెట్టు ఫ్యాక్టరీ నిజంగానే ఫ్యాక్టరీ. అక్కడ మెషీన్లు ఆగిపోయిన రోజున వెళితే కనబడేది ఖాళీ బెల్టులే.

ఈ తేడా ముందే తెలియకపోవడమే చాలా కుటుంబాల నిరాశకు మూలం. 2024లో జపాన్‌కు వెళ్ళిన విదేశీయులు 3.68 కోట్ల పైమాటే. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఉండేవాళ్ళకు టూరిస్టు ఈ-వీసా అందుబాటులోకి వచ్చింది. హైదరాబాద్, విజయవాడల నుంచి పిల్లలతో బయల్దేరేవాళ్ళ జాబితాలో గుడులు, బుల్లెట్ రైలు తర్వాత ఈ ‘ఫుడ్ ఫ్యాక్టరీ’ ఒకటి చేరుతోంది. ఇంటర్నెట్‌లో వెతికితే మాత్రం ఒకరు ఉచితం అంటారు, ఇంకొకరు టికెట్ అంటారు. ఒకరు బుకింగ్ అక్కర్లేదంటే మరొకరు నెల ముందే చేసుకోమంటారు. అందరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే వేర్వేరు చోట్ల గురించి.

కోజో కెంగాకు: బడి నుంచి వచ్చిన అలవాటు

జపనీస్‌లో దీన్ని ‘కోజో కెంగాకు’ అంటారు. కోజో అంటే ఫ్యాక్టరీ, కెంగాకు అంటే చూసి నేర్చుకోవడం. వినోదం కోసం పుట్టిన మాట కాదిది. అక్కడి ప్రాథమిక బడుల్లో మూడో తరగతి సోషల్ పాఠాల్లో తమ ఊళ్ళో జనం ఏ పనులు చేస్తారు, వస్తువులు ఎలా తయారవుతాయి అన్నది ఒక అంశం. అందుకోసం టీచర్లు పిల్లల్ని దగ్గర్లోని ఫ్యాక్టరీకి తీసుకెళతారు. పసుపు టోపీలు, మెడలో నీళ్ళ సీసా, చేతిలో ప్రశ్నలు రాసుకున్న అట్ట. ఫ్యాక్టరీల్లో సందర్శకుల కారిడార్లు, బొమ్మలతో వివరణ బోర్డులు, చివర్లో చిన్న రుచి చూపించడం, ఇవన్నీ బడి పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని కుదిరిన పద్ధతులే. ఈ పూర్వాపరాలు తెలిస్తే కొన్ని నియమాలు వింతగా అనిపించవు. మామూలు రోజుల్లో పొద్దున పూట స్లాట్లు ఎందుకు నిండిపోతాయి, వివరణ జపనీస్‌లోనే ఎందుకుంటుంది, పదిహేను నిమిషాలు ఆలస్యమైతే లోపలికి ఎందుకు రానివ్వరు అన్నవాటికి జవాబు అక్కడే ఉంది.

ఇప్పుడు ఆ ఒక్క పేరు కింద మూడు రకాల చోట్లు నడుస్తున్నాయి.

మొదటిది నిజమైన ఫ్యాక్టరీలో సందర్శకుల దారి. సైతామా జిల్లా కితామొతోలో పాకీ, ప్రెట్జ్ అనే బిస్కెట్టు పుల్లలు తయారుచేసే గ్లికోపియా ఈస్ట్, చిబా జిల్లా నొదాలో కిక్కోమన్ సోయా సాస్ ఫ్యాక్టరీలోని ‘షోయు-కాన్’ ఇలాంటివి. సాధారణంగా ఉచితం, ముందస్తు బుకింగ్ తప్పనిసరి, సెలవులన్నీ ఫ్యాక్టరీ క్యాలెండర్ ప్రకారమే.

రెండోది మ్యూజియం లేదా సందర్శన కేంద్రం. ఇక్కడ అసలు ఉత్పత్తి ఉండదు. ఆ పద్ధతిని చిన్న ఎత్తున మనచేత చేయిస్తారు. దీన్ని ‘తైకెన్’ అంటారు, అంటే స్వయంగా చేసి చూడటం. ఒసాకా జిల్లా ఇకెదాలో 1999 నవంబరులో, యొకొహామాలో 2011 సెప్టెంబరులో తెరిచిన రెండు కప్ నూడుల్స్ మ్యూజియాలు ఈ రకమే.

మూడోది అంగడి, తోట, కెఫే, మెషీన్ల వరస అన్నీ ఒకే ఆవరణలో ఉన్న పార్కు. సప్పొరోలోని షిరోయి కొయిబితో పార్కు దీనికి పెద్ద ఉదాహరణ. 1976లో మార్కెట్లోకి వచ్చిన, అదే పేరున్న బిస్కెట్టు అక్కడ తయారవుతుండగా పైనుంచి చూడొచ్చు, కిందకి దిగి కొనుక్కోవచ్చు. దీనికి చిన్న తమ్ముడి లాంటిది న్యూ చితోసే విమానాశ్రయం లోపలే ఉన్న రాయిస్ చాక్లెట్ వరల్డ్. విమానానికి గంట టైముంటే అద్దంలోంచి చాక్లెట్ తయారీ చూసేయొచ్చు. ఉత్తరాన హొక్కైదో దాకా వెళ్ళినవాళ్ళు దీన్ని వదులుకోవడం అన్యాయం.

అద్దానికి అవతల మనుషులు ఎందుకు కనబడరు

మొదటి రకం చోట్లకు వెళ్ళినవాళ్ళ ఫిర్యాదు ఒకటే: ‘దూరం నుంచి చూపించారు, లోపలికి పోనివ్వలేదు.’ దీని వెనక చట్టం ఉంది. ఆహార తయారీలో ఏ దశలో ఏ ప్రమాదం రావచ్చో ముందే గుర్తించి, ఆ దశను కొలిచి రాసిపెట్టే పద్ధతిని హ్యాసప్ అంటారు. 2021 జూన్ నుంచి జపాన్‌లో ఆహార వ్యాపారులందరికీ ఇది తప్పనిసరి. ఫ్యాక్టరీని ముడి సరుకు దిగే చోటు, వండే చోటు, ప్యాక్ చేసే చోటు అని విడదీసి, గాలి కూడా శుభ్రమైన గది నుంచి తక్కువ శుభ్రమైన గదికే పారేలా చూస్తారు. లోపలికి వెళ్ళే ఉద్యోగి జుట్టు వలలోకి దోపుకుంటాడు, బట్టల మీద జిగురు రోలర్ దొర్లించుకుంటాడు, చేతులు కడుక్కుంటాడు, గాలి ఊదే చిన్న గదిలోంచి నడుస్తాడు. నలభై మంది పిల్లల చేత ఇదంతా చేయించడం కుదిరే పని కాదు. అందుకే పైన కారిడారు, మధ్యలో అద్దం.

ఇక మనుషులు తక్కువగా కనబడటానికి కారణం వేగం. క్యూపీ వాడే గుడ్లు పగలగొట్టే మెషీను నిమిషానికి 600 గుడ్ల దాకా కొట్టి, సొనా తెల్లా వేరుచేస్తుంది. అంటే సెకనుకు 10. ఇంట్లో చెయ్యి తిరిగినవాళ్ళు కూడా గుడ్డుకు 5 సెకన్లు తీసుకుంటారనుకుంటే నిమిషానికి 12. ఆ ఒక్క మెషీను పనికి 50 మంది కావాలి. మెషీను పక్కన నిలబడేది మాత్రం ఏదైనా ఇరుక్కుంటే చూసుకునేవాళ్ళే.

ఉనాగి పై దగ్గర లెక్క తిరగబడుతుంది. 1961లో పుట్టిన ఈ పొరల బిస్కెట్టు పిండిని ఇప్పటికీ పనిమంతులు చేత్తోనే సిద్ధం చేస్తారు. వెన్న కరిగే తీరు, పిండి సాగే తీరు ఆ రోజు ఎండకూ తేమకూ మారుతుంటాయి. కాబట్టి చేతి అంచనా మీద నడుస్తుంది. కాల్చడం, ప్యాకింగ్ మెషీన్ల పని.

కిక్కోమన్ దగ్గర ఇబ్బంది వేరే. ఉడికించిన సోయా గింజలు, వేయించి పగలగొట్టిన గోధుమలు, వాటిమీద పెంచే కోజి అనే బూజు, ఇదంతా మూడు రోజుల పని. తర్వాత ఉప్పునీళ్ళు కలిపి ట్యాంకుల్లో పులియబెట్టేది నెలల తరబడి. గంటలో ముగిసే సందర్శనలో ఆ పులియడాన్ని చూపించడం ఎవరి తరమూ కాదు. అందుకని అక్కడ చూసేదానికన్నా వాసన చూసేది ఎక్కువ. మన ఊళ్ళో ఆవకాయ జాడీ మూత తీసిన రోజు గుర్తొస్తుంది కానీ ఇది ఇంకా బరువైన వాసన, కొద్దిగా సారా కలిసినట్టుంటుంది. పులియడంలో సహజంగానే కాస్త ఆల్కహాల్ పుడుతుంది మరి.

శనాదివారాల తకరారు

పిల్లలతో వెళ్ళేవాళ్ళకు వీలయ్యేది శనాదివారాలు, ఫ్యాక్టరీ నడిచేది సోమ నుంచి శుక్ర. కొన్ని చోట్ల వారాంతంలో అసలు రానివ్వరు. కొన్ని చోట్ల రానిచ్చి, ఆగి ఉన్న మెషీన్ల ముందు వీడియో వేసి చూపిస్తారు. బుకింగ్ పేజీలో ‘ఉత్పత్తి లేని రోజు’ అన్న చిన్న గుర్తు ఉంటుంది, అనువాదం యాప్‌లో అది సరిగ్గా రాక చాలామంది దాటేస్తారు. ఏప్రిల్ చివర మొదలయ్యే గోల్డెన్ వీక్ సెలవులు, ఆగస్టు నడుమ వచ్చే ఒబోన్ పండుగ, సంవత్సరాంతం, ఈ మూడు కాలాల్లోనూ మొదటి రకం చోట్లు మూతపడటమో మెషీన్లు ఆగి ఉండటమో జరిగితే, రెండో మూడో రకం చోట్లు కిక్కిరిసిపోతాయి. టోక్యో నిషి-కసాయిలో ఉండే మన ఐటీ కుటుంబాలకు ఈ తిప్పలు బాగా తెలుసు. ఒక్క శుక్రవారం సెలవు పెట్టుకుంటే పొద్దున స్లాట్ దొరుకుతుంది, మెషీనూ నడుస్తుంటుంది.

మ్యూజియాలకు మరో లెక్క. రెండు కప్ నూడుల్స్ మ్యూజియాలూ మామూలుగా మంగళవారం మూస్తారు. ఆ మంగళవారం ప్రభుత్వ సెలవైతే తెరిచి మర్నాడు మూస్తారు. శని, ఆదివారాల్లో తెరిచే ఉంటాయి. అంటే మంగళవారం మ్యూజియానికి, ఆదివారం ఫ్యాక్టరీకి ప్లాన్ వేసుకున్న కుటుంబం రెండు చోట్లా గేటు చూసి వెనక్కి వస్తుంది. రోజులు తారుమారు చేస్తే రెండూ దక్కుతాయి.

కప్పును తలకిందులు చేయడంలో ఉన్న కిటుకు

రెండో రకం చోట్లను ‘అసలు ఫ్యాక్టరీ కాదు’ అని తీసిపారేసేవాళ్ళున్నారు. వాళ్ళు ఒకసారి ఇకెదాలోనో యొకొహామాలోనో ‘మై కప్ నూడుల్స్ ఫ్యాక్టరీ’ దగ్గర నిలబడి చూడాలి. ఖాళీ కప్పు కొని, స్కెచ్ పెన్నులతో బొమ్మ వేసి, కౌంటర్ దగ్గరికి తీసుకెళితే అక్కడ ఒక చిన్న హ్యాండిల్ ఉంటుంది. నూడుల్స్ ముద్ద కింద, దాని మీద బోర్లించిన కప్పు. పిల్లవాడు హ్యాండిల్ తిప్పుతుంటే రెండూ కలిసి తిరిగి కప్పు నిటారుగా నిలబడుతుంది. చూడ్డానికి ఆటబొమ్మ. నిజానికి అక్కడ ఉన్నది కప్ నూడుల్స్ పుట్టుకలో తలనొప్పి తెచ్చిపెట్టిన సమస్యకు జవాబు.

సమస్య ఏమిటంటే, కప్పు పైన వెడల్పు, కింద ఇరుకు. నూడుల్స్ ముద్దనూ అదే ఆకారంలో చేస్తారు. కానీ అది అడుగు దాకా దిగకూడదు. కప్పు మధ్యలోనే గోడలకు బిగిసి, కింద ఖాళీ వదిలి వేలాడాలి. ఎందుకంటే అడుగున కూర్చున్న ముద్ద లారీ కుదుపులకు పొడైపోతుంది. పైగా వేడినీళ్ళు పోసినప్పుడు కింద ఖాళీలో చేరిన నీళ్ళ నుంచి వేడి పైకెక్కి ముద్దంతా సమంగా ఉడుకుతుంది. ముద్ద పైభాగం దట్టంగా, కింది భాగం వదులుగా ఉండేట్టు చేయడం కూడా అందుకే. ఆ దట్టమైన పై పొర మీదే రొయ్యలు, గుడ్డు ముక్కలు కింద పడకుండా నిలబడతాయి.

ఇలాంటి ముద్దను పైనుంచి కప్పులోకి జారవిడిస్తే కాస్త పక్కకి ఒరుగుతుంది, లేదా తిరగబడుతుంది. ఒకటీ రెండూ అయితే సరిచేయొచ్చు, వేల కప్పుల వరసలో కుదరదు. నిస్సిన్ వ్యవస్థాపకుడు మొమొఫుకు అందోకు తట్టిన జవాబు: ముద్దను కప్పులో వేయకు, కప్పునే ముద్ద మీద బోర్లించు. ముద్ద కదలదు కాబట్టి ఒరగదు. తర్వాత రెంటినీ కలిపి తిప్పేయ్. 1971 సెప్టెంబరు 18న కప్ నూడుల్ అమ్మకానికి వచ్చింది. పిల్లవాడి చేతిలో తిరిగే ఆ హ్యాండిల్ అదే సూత్రం.

కప్పు ఆలోచన కూడా ఆయనకు చూసిన దృశ్యం నుంచే వచ్చింది. 1966లో అమెరికా వెళ్ళినప్పుడు అక్కడి వ్యాపారులు నిస్సిన్ పొడి నూడుల్స్ అయిన చికెన్ రామెన్‌ను విరిచి కాగితం కప్పులో వేసుకుని, వేడినీళ్ళు పోసి, ఫోర్కుతో తిన్నారు. గిన్నె, చాప్‌స్టిక్స్ లేని చోట కప్పే గిన్నె కావాలన్నమాట.

5,460 ఎలా వచ్చింది

ఆ కౌంటర్ దగ్గర నాలుగు సూపుల్లో ఒకటి, పన్నెండు రకాల టాపింగ్స్‌లో నాలుగు ఎంచుకోవాలి. మొత్తం 5,460 రకాలుగా కలపొచ్చు అని మ్యూజియం చెబుతుంది. లెక్కల మీద ఇష్టమున్న పిల్లలకు ఇది మంచి పజిల్, ఎందుకంటే మామూలుగా వేస్తే ఆ అంకె రాదు.

పన్నెండులో నాలుగు వేర్వేరువి ఎంచుకునే దారులు 495. నాలుగు సూపులతో గుణిస్తే 1,980 మాత్రమే. మరి మిగతావి? ఒకే టాపింగ్‌ను మళ్ళీ వేసుకోవచ్చన్నది రహస్యం. నాలుగు చెంచాలూ రొయ్యలే కావాలన్నా ఇస్తారు. అలా పునరావృతం ఒప్పుకుంటే పన్నెండు రకాల నుంచి నాలుగు చెంచాలకు 1,365 దారులు. నాలుగుతో గుణిస్తే సరిగ్గా 5,460. అంకె చూసే నియమం చెప్పేయొచ్చు.

ఇక్కడ చెడేది ఒకటే, బొమ్మ. సిరా ఆరకముందే వేళ్ళు తగిలితే చెదిరిపోతుంది. మూత అంటించి, ప్లాస్టిక్ పొరను వేడితో బిగించాక దిద్దుకోవడానికి వీలుండదు. కాబట్టి కప్పు కొన్నాక తొందరపడక టేబుల్ దగ్గర తీరిగ్గా కూర్చోవడమే మేలు.

పిండి నుంచి రామెన్ దాకా: గంటన్నర

అదే మ్యూజియాల్లో రెండో తైకెన్ పేరు చికెన్ రామెన్ ఫ్యాక్టరీ. దీనికి బుకింగ్ తప్పదు, సుమారు 90 నిమిషాలు పడుతుంది. తలకు కోడిపిల్ల బొమ్మ గుడ్డ కట్టి, ఏప్రన్ వేయించి, ఇద్దరిద్దరిని జతగా నిలబెడతారు.

గోధుమ పిండిలో నీళ్ళు పోసి కలపడంతో మొదలు. మన చపాతీ పిండిలా మెత్తగా రాదు. నీళ్ళు తక్కువ, పొడిపొడిగా రవ్వలా ఉంటుంది. పిల్లలు ఇది చెడిపోయిందనుకుని ఇంకా పిసుకుతారు. అక్కర్లేదు. రోలర్ మెషీన్‌లో పెట్టి నొక్కి, మడిచి, మళ్ళీ నొక్కి, ఇలా పలుమార్లు చేస్తేనే జిగురు వరసలు కట్టి షీటు నునుపవుతుంది. మడత తక్కువ వేస్తే, లేదా అంచులు కలవకుండా మడిస్తే, తర్వాత సన్నగా కోసేటప్పుడు పోగులు తెగిపోతాయి. కాసేపు పిండిని వదిలేసి, సన్నగా చేసి, పోగులుగా కోసి, కొలిచి, ఆవిరి పట్టి, మసాలా నీళ్ళు కలిపి, విడదీయాలి. ఈ విడదీయడంలో బద్ధకిస్తే అంటుకుపోయిన చోట్ల తేమ మిగిలిపోయి, నూడుల్స్ సమంగా ఆరవు.

చివరి దశను పిల్లల చేత చేయించరు. సిబ్బంది పోగుల్ని అచ్చులో పెట్టి, 160 డిగ్రీల దరిదాపుల్లో మరిగే నూనెలో ముంచుతారు. కంపెనీ దీన్నే ‘క్షణంలో నూనె వేడితో ఆరబెట్టడం’ అంటుంది. 1958 ఆగస్టు 25న అమ్మకానికొచ్చిన చికెన్ రామెన్ వెనక అసలు మర్మం ఇదే. అందో ఇకెదాలోని తన ఇంటి పెరటి షెడ్డులో దీనికోసం తంటాలు పడుతూ, భార్య టెంపురా (పిండిలో ముంచి నూనెలో వేయించే, మన బజ్జీల్లాంటి వంటకం) వేయిస్తుండగా చూసి పట్టుకున్నాడని చెబుతారు. ఆ షెడ్డు నమూనా మ్యూజియంలో ఉంది.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవడానికి మన వంటింట్లోని జంతికలు చాలు. నూనెలో వేయగానే బుసబుసమని బుడగలు లేస్తాయి, అవి ఆవిరై పోతున్న నీళ్ళు. బుడగలు తగ్గాయంటే జంతిక వేగినట్టు. నూడుల్స్‌లోనూ అంతే. నీళ్ళు ఆవిరై పోయిన చోట కంటికి కనబడని రంధ్రాలు మిగులుతాయి. తినేటప్పుడు వేడినీళ్ళు అదే దారిన లోపలికి వెళతాయి. కానీ జంతికను నీళ్ళలో వేస్తే నూడుల్స్ కాదు, తేడా ఆవిరి పట్టడంలో ఉంది. అక్కడే పిండిలోని స్టార్చ్ ఉడికిపోయింది. నూనె దాన్ని ఆరబెడుతుంది. అందుకే నీళ్ళు పోసిన మూడు నిమిషాలకు తినడానికి సిద్ధం.

వెళ్ళేటప్పుడు మీరు చేసిన ప్యాకెట్‌తో పాటు అంగట్లో దొరికే ప్యాకెట్ కూడా ఒకటి ఇస్తారు. రెండూ పక్కపక్కన వండుకుని చూస్తేగానీ మెషీన్‌కూ చేతికీ తేడా తెలియదు.

‘ప్రాథమిక పాఠశాల విద్యార్థి’ ఎవరు?

బుకింగ్‌లో మనవాళ్ళు తప్పులో కాలేసేది వయసు దగ్గర. చాలా తైకెన్‌లకు అర్హత ‘షోగాకుసేయ్, ఆపైన’. అంటే ప్రాథమిక బడి పిల్లలు. ఇది వయసు కాదు, తరగతి. జపాన్‌లో బడి సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఏప్రిల్ 1 నాటికి ఆరేళ్ళు నిండినవాళ్ళే ఒకటో తరగతిలో చేరతారు.

2019 జూన్ 10న పుట్టిన పాపను తీసుకోండి. 2025 జూన్‌లో ఆరేళ్ళు నిండాయి. ఆ డిసెంబరు సెలవుల్లో ఆరున్నరేళ్ళు. మన బడిలో ఒకటో తరగతి చదువుతూ ఉండొచ్చు కూడా. జపాన్ లెక్కలో మాత్రం ఆమె బడికెళ్ళని పిల్లే, ఎందుకంటే అక్కడ ఆమె బడిలో చేరేది 2026 ఏప్రిల్‌లో. ఫారంలో ఏది రాయాలో తెలియకపోతే పుట్టిన తేదీ చెప్పి అడగడం ఉత్తమం. ఫ్యాక్టరీ చూడటానికి, కప్పు మీద బొమ్మ వేయడానికి ఈ బాధ తక్కువ. పిండి, నూనె, కత్తి ఉన్న చోట గట్టిగా అడుగుతారు. వాంతులో విరేచనాలో ఉన్నవాళ్ళని చేయనివ్వరు. చేతికి తెగిన గాయం ఉన్నా అంతే. గాయంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం వండినా చావదు కాబట్టి ఇది అతిజాగ్రత్త కాదు.

ఖర్చు సంగతికొస్తే, ఇద్దరు పెద్దలు, ఎనిమిదేళ్ళ బాబు, అయిదేళ్ళ పాప ఉన్న కుటుంబం యొకొహామాకు వెళ్ళిందనుకుందాం. పెద్దలకు ప్రవేశం 500 యెన్‌ల చొప్పున 1,000. హైస్కూలు వరకు పిల్లలకు ఉచితం. నలుగురికీ కప్పులు ఒక్కోటి 500 చొప్పున 2,000. మొత్తం 3,000 యెన్‌లు. ఇకెదాలో ప్రవేశమే ఉచితం కాబట్టి 2,000తో అయిపోతుంది. ఒక యెన్ విలువ రూపాయిలో అరవై పైసలకు అటూ ఇటూ అనుకుంటే తేడా ఆరువందల రూపాయలు. ధరలు పెరుగుతూ వచ్చినవే కనుక వెళ్ళేముందు చూసుకోవాలి. యొకొహామాలో కప్పు తయారీకి టైము రాసిన టికెట్ కావాలి, రద్దీ రోజుల్లో అవి అయిపోతాయి.

కూరగాయలే వేసుకున్నా శాకాహారం కాదు

మన ఇళ్ళలో ఎక్కువ తగాదా వచ్చేది ఇక్కడే. పన్నెండు టాపింగ్స్‌లో మొక్కజొన్న, ఉల్లికాడ, బీన్స్, వెల్లుల్లి వేసుకుని శాకాహారం అనుకుంటారు. కానీ సూపు పొడిలోనే పంది, కోడి రసాలు ఉంటాయి. చికెన్ రామెన్ సంగతి పేరే చెబుతోంది. ఉనాగి పైలో ఉనాగి అంటే ఈల్ చేప. తియ్యటి బిస్కెట్టే అయినా అందులో ఈల్ పొడి, పూతలో వెల్లుల్లి ఉంటాయి. షిరోయి కొయిబితోలో గుడ్డు ఉంటుంది. మయోనైజ్ అంటే గుడ్డు సొనే.

జపాన్ లేబుళ్ళలో అలర్జీ వస్తువులను చూడొచ్చు కానీ ఒక మెలిక ఉంది. గుడ్డు, పాలు, గోధుమ, బక్‌వీట్, వేరుశనగ, రొయ్య, పీత, అక్రోటు లాంటివాటిని చెప్పడం తప్పనిసరి. గొడ్డు మాంసం (గ్యూనికు), పంది మాంసం (బుతానికు), కోడి మాంసం (తోరినికు), జెలటిన్ మాత్రం చెప్పమని సిఫార్సు చేసినవే. రాసి ఉంటే ఉన్నట్టు. రాయకపోతే లేదని కాదు. పైగా ఆ పట్టిక అలర్జీ ఉన్నవాళ్ళ కోసం, మతం కోసమో వ్రతం కోసమో కాదు. పూర్తి శాకాహారులకు నిశ్చింతగా ఉండేది కిక్కోమన్ మామూలు సోయా సాస్. సోయా, గోధుమ, ఉప్పు, నీళ్ళు, అంతే.

పాఠమా, ప్రకటనా

కంపెనీలు ఉచితంగా ఇంత ఎందుకు చేస్తాయి అన్నదానికి జవాబులు ఒకరివి ఒకరికి నచ్చవు. ఒక వాదన నమ్మకం గురించి. 2000లో ఒక పెద్ద పాల కంపెనీ ఒసాకా ఫ్యాక్టరీ పాలు తాగి పదివేల మందికి పైగా అస్వస్థులయ్యారు. అలాంటి సంఘటనల తర్వాత ‘మా వంటిల్లు చూడండి’ అనడానికి విలువ పెరిగింది. ఇంకో వాదన ప్రకారం ఇది పిల్లల మనసులో చిన్నప్పుడే బ్రాండు నాటడం. చివర్లో అంగడి ఉండటం యాదృచ్ఛికం కాదు. ఒక కప్ నూడుల్‌లో ఉప్పు సుమారు 5 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 5 గ్రాములకు లోపే ఉండమంటుంది. హ్యాండిల్ తిప్పే కౌంటర్ దగ్గర ఈ మాట ఎవరూ ఎత్తరు.

టీచర్లు మధ్యలో నిలబడతారు. కంపెనీ తన గొప్ప తాను చెప్పుకున్నా, హెయిర్ నెట్ ఎందుకు, బెల్టు మీద లోహం కనిపెట్టే యంత్రం ఎందుకు అన్న ప్రశ్నలకు పుస్తకం కన్నా ఫ్యాక్టరీ బాగా జవాబిస్తుందన్నది వాళ్ళ మాట. నిజమే అనిపిస్తుంది, కానీ అది మొదటి రకం చోట్లకే ఎక్కువ వర్తిస్తుంది. మూడో రకంలో కొనుగోలు ముందు, పాఠం తర్వాత. ఫొటోలు వద్దన్న చోటల్లా ‘ఏదో దాస్తున్నారు’ అనుకోనక్కర్లేదు. మెషీన్ అమరిక పోటీ కంపెనీకి తెలియకూడదు, ఉద్యోగుల ముఖాలు నెట్‌లో పడకూడదు, ఎక్కువసార్లు కారణం ఇంతే.

ఇంటికి తెచ్చేటప్పుడు

మీరు చేసిన కప్పును గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇస్తారు, మెడలో వేలాడదీసుకోవచ్చు. పంపు కొట్టి గాలి నింపేది కూడా పిల్లలే. విమానం ఎక్కే ముందు ఆ గాలి కొంత తీసేయాలి. ఎగిరే విమానం లోపల గాలి ఒత్తిడి నేలమీద ఉన్నదానికి నాలుగింట మూడొంతుల దాకా పడిపోతుంది. అంటే నిండుగా ఉబ్బిన సంచి ఇంకో మూడో వంతు పెరగాలని చూస్తుంది, అతుకు దగ్గర విడిపోతుంది. జపాన్ నుంచి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళు మరో సంగతి గుర్తుంచుకోవాలి. మాంసం కలిసిన పదార్థాలను ఆ దేశాల కస్టమ్స్ పక్కన పెట్టించే అవకాశం ఎక్కువ.

గడువు కూడా వేరు. జపాన్ అంగడిలో కొన్న కప్పుకు ఆరు నెలలుంటే, ఇక్కడ చేతితో చేసినదానికి సుమారు నెలే. కప్పు దాచుకోవాలంటే మూత సగమే చించి, తినేసి, కడిగి ఆరబెట్టడం ఒక్కటే దారి.